నేను ముంచిన ఓడ

బిడ్డలారా,

మొన్న మీరు పంపిన వీడియో చూసిన. ఓడ మీద నిలవడి చేతులు ఊపుతున్నరు. ఎనక నీళ్లే నీళ్లు, గాలికి మీ ఎంట్రికలు మొఖం మీద పడ్తున్నయి. కింద ఒక ముక్క రాసిండ్రు: "అవ్వా, ఇంత సక్కని ఓడ నువ్వెప్పుడన్న చూసినవా?"

చూసిన. చూసుడు కాదు, చేసిన. చేసినంక ముంచిన గూడ.

ఫోన్ల చెప్పుదామంటే నా గొంతు మీకు ఇనవడది. "గట్టిగ అవ్వా, గట్టిగ" అంటరు. ఇన్నేండ్లొచ్చినా నేను గట్టిగ మాట్లాడుడు నేర్చుకోలె. అందుకే రాస్తున్న. నిమ్మలంగ చదువుండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి, ఆ ఓడల మనుషులెవ్వరు లేకుండె.

మొయినాబాద్ రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉండె. అండ్ల నేను పద్దెనిమిదేండ్లు కొలువు చేసిన. మా పని బొమ్మ ఇండ్లు చేసుడు. పిల్లలు ఆడుకునేటివి కాదు. వెంచర్లు ఏసేటోళ్లు ఆఫీసుల అద్దాల పెట్టెల పెట్టి కొనేటోళ్లకు చూపిస్తరు చూడు, ఆ మాడల్స్. మోకిల ఊరి దిక్కు ఎన్ని విల్లాలో నేల మీద లేవకముందు మా బల్ల మీద లేచినయి. కిటికీలు, మెట్లు, క్లబ్ హౌజు, గేటు కాడ వాచ్‌మన్ రూము, అన్నీ మేమే.

నాకు ఆ కొలువు దొరికిన ముచ్చట గూడ తమాషనే. మీ తాతది చేవెళ్లల కిరాణం దుకాణం. నేను గల్లా పక్కన కూసోని పొట్లాలు కడుతుంటి. ఒకనాడు ఒకాయన జీలకర్ర కొననీకె వచ్చి, పొట్లం తిప్పి తిప్పి చూసి, "అక్కా, మూలలు ఇంత సాఫ్‌గ ఎట్ల మడుస్తవు? మా షెడ్డుకు రారాదు" అన్నడు. ఆయననే మా సారు. జీలకర్రకు వచ్చినోడు పెండ్లాన్ని పట్టుకపోయిండని మీ తాత మస్తు రోజులు అందరికి చెప్పుకుంట నవ్విండు.

షెడ్డుల పది మంది ఉన్నా ఈ కథకు ముగ్గురు చాలు. ఒకరు సారు. మంచోడే గని, ఎవ్వలేమడిగినా "అయితది" అంటడు. ఎట్ల అయితదో తర్వాత మమ్మల్ని అడుగుతడు. ఇంకొకరు ఉస్తాద్. తెల్ల గడ్డం, కండ్లద్దాలకు దారం కట్టుకుంటుండె. గోడలకు ప్లాస్టిక్ షీటు కోసుడంటే ఆయననే కొయ్యాలె. నన్ను చెల్లె అంటుండె. మూడో మనిషి కనకమామిడి నుంచి వచ్చే వదినె. పొద్దుగాల సొంత చేనుల కలుపు తీసి, పదింటికి మా కాడికి వచ్చి స్పంజీ ముక్కలకు పచ్చ రంగు అద్ది చెట్లు చేస్తుండె. "ఆడ పీకుడు, ఈడ నాటుడు" అని నవ్వుతుండె.

మా షెడ్డుకు ఒక అలవాటు ఉండె. మాడల్ తీస్కపోను బిల్డర్ వస్తడు గదా, రాంగనే ఏం చేస్తడు? పై అంతస్తు మీద ఏలితోని టకటక కొట్టి చూస్తడు. పల్చగ సప్పుడైతే మొఖం మాడ్చుకుంటడు. "ఏంది సారు, అగ్గిపెట్టె లెక్క చేసిండ్రు" అంటడు. గందుకని ఉస్తాద్ ఎప్పుడైనా కింద పల్చటి షీటు ఏసి, పై అంతస్తులకు మందం షీటు కోస్తుండె. ముట్టుకునేది పైనే గదా. ఇన్నేండ్లల్ల ఒక్క బిల్డర్ గూడ వంగి కింద కొట్టి చూడలే.

ఒకనాడు సారు ఉరుక్కుంట వచ్చిండు. "అక్కా, ఉస్తాద్, ఈసారి మనం ఓడ చేస్తున్నం."

ఉస్తాద్ కండ్లద్దాలు పైకి జరిపి, "ఏడ తేలనీకె సారు, గండిపేట చెరువులనా?" అన్నడు.

సంగతేందంటే, ఒక సేటు ఉన్నడు. బస్సులు నడుపుతడు, ఫంక్షన్ హాళ్లు నడుపుతడు. ఇప్పుడు చిన్న క్రూజ్ ఓడ ఒకటి కట్టిపిస్తడట, సముద్రం ఒడ్డెంబడి తిప్పుతడట. ఆయన ఫాంహౌజు కనకమామిడిలనే ఉన్నది. ఓడ గీసిన పిల్లను మాకాడికి తోలిండు.

ఆ పిల్లకు ముప్పై గూడ లేవు. విశాఖపట్నం దిక్కు పిల్ల, ఓడలు కట్టే సదువే సదివింది. మాట మాటకు "అండీ" అంటుండె. వదినె పక్కకు తిరిగి నాతోని, "ఈ పిల్ల ఎవ్వల్ని పిలుస్తున్నది వదినె, ఈ అండి ఎవ్వలు?" అన్నది. నేను నవ్వు ఆపుకోలేక దారం కోసం ఎతుకుతున్నట్టు బల్ల కిందికి దూరిన.

ఆ పిల్లనే మాకు మేడం, కాయితం చుట్ట ఇప్పి బల్ల మీద పరిచింది. అప్పుడు ఎవ్వరు నవ్వలే.

నేను ఓడంటే నల్లగ, పొగ గొట్టాలతోని, దవాఖాన బిల్డింగ్ నీళ్లల్ల నిలవెట్టినట్టు ఉంటదనుకున్న. ఇది అట్ల లేదు. తెల్లగ, పొడుగ్గ, ముక్కు ముంగటికి సాగి ఉన్నది, పరుగెత్తేటోడు తలకాయ ముంగటికి పెట్టినట్టు. ఒక్కొక్క అంతస్తు కింది దానికంటే జరంత ఎనక్కి కూసున్నది, ఏ బాల్కనీల నిలవడ్డా నెత్తి మీద ఆకాశం ఉంటది. కిటికీలన్నీ ఒక్క వరుస. ఆ వరుస ముంగట కొంచెం లేసి, నడుమల దిగి, ఎనక మళ్ల లేస్తది. అద్దాలకు లేత నీలం. ఓడ నడుమల మూడంతస్తుల ఎత్తు ఖాళీ జాగ, దాని పైన అద్దం కప్పు, అండ్లకెల్లి ఎండ తిన్నగ కిందికి పడ్తది. మా పుట్టింటి భవంతిల, నడిమి వాకిట్ల పడ్డట్టే. ఓడల భవంతి పెట్టాలన్న తెలివి ఈ పిల్లకు ఎట్ల వచ్చిందో అనుకున్న.

"దీన్ల ఒక్క గీత గూడ తిన్నగ లేదేంది మేడం?" అన్నడు ఉస్తాద్.

"నీళ్లు తిన్నగా ఉండవు కదండీ. వాటి పక్కన తిన్నని గీత పెడితే ఓడ కోపంగా కనిపిస్తుంది. కొంచెం వంచితే, నీళ్లతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది."

ఉస్తాద్ ఆ గీతెంబడి ఏలు జరుపుకుంట పోయి, "వంపు కొయ్యాల్నంటే బ్లేడు కొత్తది కావాలె సారు" అన్నడు. అది ఆయన ఒప్పుకునే తీరు.

అన్నిటికన్న పైన మాత్రం ఏం లేదు. ఖాళీ. చుట్టూ నడవనీకె బాట, ఒక్క పక్క సన్నటి నీడ పందిరి, అంతే. నేను అదే అడిగిన, మరిచిపోయిండ్రా అని. మేడం మొఖం చిన్నగైంది.

"అక్కడేనమ్మా గొడవంతా. సేటు గారికి అక్కడ పెద్ద బాంక్వెట్ హాల్ కావాలిట, పెళ్లిళ్లకి. వద్దని లెక్కలేసి చూపించాను. వినట్లేదు. ఆదివారం పార్ట్‌నర్లందరినీ పిలిచి, ఈ మాడల్ చూసి తేలుస్తానన్నారు. ఇది నా మొదటి ఓడ. హాల్ పెడితే నా పేరు తీసేయమంటాను, వేరే పని చూసుకుంటాను."

"ఒక్క హాలు కోసం కొలువు ఇడిసిపెడ్తవా బిడ్డా?"

"అది పెడితే అందం పోతుంది. అందం పోతే పోనీ అనుకుంటాను, కానీ గాలివానలో ఆ ఓడ ఒడ్డుకి రాదమ్మా."

మాకు సగమే అర్థమైంది. కాని ఆ పిల్ల నిజంగనే కొలువు ఇడిసిపెడ్తదని మొత్తం అర్థమైంది.

నెలన్నర పని. నాలుగడుగుల పొడుగు ఓడ. మేం చేసిన తప్పులు చెప్పుకుంటే ఇప్పటికి సిగ్గైతది. మొదటి వారం ఉస్తాద్ అలవాటు మీద చుట్టూ కాంపౌండ్ వాల్ కోసి పెట్టిండు. మెట్ల కాడ నేను వాచ్‌మన్ రూము అతికిచ్చిన. మేడం చూసి, "ఓడకి వాచ్‌మన్ ఎందుకమ్మా, దొంగలు ఈదుకుంటూ వస్తారా?" అన్నది. వదినె పై అంచెంబడి ఇరవై నాలుగు చెట్లు నాటింది, వెంచర్ల రోడ్డు పక్కన నాటినట్టు. పీకమంటే మొఖం ముడుచుకుంటే, మేడమే జాలిపడి నడుమల అద్దం కింద నాలుగు ఉంచింది. సారైతే ఇంకా పైకి పోయిండు. మా మాడల్స్ అన్నిటికి మూలకు తూర్పు, ఉత్తరం బాణం గుర్తు పెడ్తం. "మేడం, దీని సింహద్వారం తూర్పుకేనా?" అని అడిగిండు.

"సార్, ఇది తిరుగుతుందండీ."

"తిరిగినా సరే, పార్ట్‌నర్లు అడిగితే ఏం చెప్పాలె?"

"పొద్దున తూర్పు, సాయంత్రం పడమర అని చెప్పండి."

సారు నిజంగ రాసుకున్నడు.

బాల్కనీలు నా పని. రెండు పక్కల కలిపి నూట అరవై. ఒక్కొక్కటి నా చిటికెనేలి గోరంత. మేడం నా పక్కన కూసోని, తానెప్పుడో నిజం ఓడల్ల తిరిగిన ముచ్చట్లు చెప్తుండె. ఒక్కొక్క రూముకు ఒక్కొక్క బాల్కనీ ఎందుకంటే, ఎంత మంది ఉన్నా సముద్రం తన ఒక్కడి కోసమే ఉన్నదని మనిషికి అనిపియ్యాలెనట. ఇంటుంటే నా చేతికి గూడ ఉషారొస్తుండె. ఆ నూట అరవైల ఒక్కటి వంకర లేకుండె. ఇది నా గొప్ప చెప్పుకునుడే, చెప్పుకోనియ్యండ్రి.

శనివారం పగటీలికి, అన్నాల యాళ్లకు, ఓడ తయారైంది. బల్ల మీద తెల్లగ ఎలుగుతుంటే షెడ్డుల అందరు చెప్పులిడిసి చుట్టూ నిలవడ్డరు. అప్పుడు సేటు ఫోన్ చేసిండు. సారు "అయితది సేటు, అయితది" అన్నడు. ఫోన్ పెట్టినంక మా దిక్కు తిరిగి, "రేపు దీన్ని ఫాంహౌజు స్విమ్మింగ్ పూల్ల తేలుస్తడట" అన్నడు.

మేడం కుర్చీలకెల్లి లేసింది. "సార్, ఇది చూడ్డానికి చేసింది! తేలడానికి కాదు!"

"ఓడనే గదా మేడం. తేలక ఏం చేస్తది?"

షెడ్డు ఎనక హౌజు ఉండె, పని నీళ్లకు కట్టిన సిమెంటు తొట్టి. నలుగురం మోసుకపోయి పసిపిల్లకు తానం పోసినట్టు నీళ్లల్ల పెట్టినం. ఉస్తాద్ బిస్మిల్లా అన్నడు, నేను గణపతికి మొక్కిన. చెయ్యి ఇడిసినమో లేదో, ఓడ బొక్కబోర్ల పడ్డది. అడుగు పైకి, ముక్కు కిందికి. నేను కొంగు దోపుకోని దూకి పట్టుకున్న. మోకాల్లోతు నీళ్లే, దూకాల్సిన అవసరం లేకుండె, ఆ ఊపుల తెల్వలే.

మేడం ఏలితోని పై అంతస్తు మీద టకటక కొట్టింది. "పైన ఏ షీట్ వాడారండీ?"

"మందందే మేడం" అన్నడు ఉస్తాద్, ఛాతి ఇరుచుకోని. "ఎవ్వలు కొట్టినా పల్చగ ఇనవడది."

మేడం హౌజు గోడ మీద కూలవడ్డది. కోపం చెయ్యలే పాపం. నిజం ఓడల బరువంతా అడుగునే ఉంటదని చెప్పింది. ఇంజన్లు, నూనె, తాగే నీళ్లు అన్ని కింద. పైకి పోయినకొద్ది పల్చటి, తేలికటి లోహం. "నేను పైకి వెళ్లేకొద్దీ సన్నగా గీసింది సోకుకి కాదండీ. చూడ్డానికి ఏది బాగుందో, నిలబడ్డానికీ అదే బాగుంది." ఉస్తాద్ గడ్డం పట్టుకోని, "ముప్పై ఏండ్లు ఉల్టా చేసిన బేటీ" అన్నడు. ఆ ఒక్కసారి మాత్రమే ఆయన మేడంను బేటీ అన్నడు.

మళ్ల చేద్దామంటే దినం లేదు. అప్పుడు నాకు మా దుకాణం యాదికొచ్చింది. కరెంటు కాంటా వచ్చినంక ఇనుప తూకం రాళ్లన్ని గల్లా కింద డబ్బల పడి ఉండె. చేవెళ్లకు ఫోన్ చేసిన.

"తూకం రాళ్లెందుకే? ఓడల దుకాణం పెడ్తున్నవా?" అన్నడు మీ తాత.

"ఓడ పడుకుంటున్నది. కాళ్ల కాడ బరువు పెడ్తె లేసి కూసుంటది."

దుకాణం మూసిండు. స్కూటర్ మీద డబ్బ పట్టుకోని వచ్చిండు. అడుగున కిలోలు, అరకిలోలు పాత చీర ముక్కల సుట్టి జిగురుతోని అతికిచ్చినం. ఒక్కొక్కటి పెట్టుకుంట, హౌజుల తేల్చుకుంట, పక్కకు జరుపుకుంట. చీకటి పడకముందే ఓడ నిటారుగ నిలవడ్డది. ఒక కిలో రాయి మిగిలితే నా సంచిల ఏసుకున్న, దుకాణం సొమ్ము గదా.

ఆదివారం పొద్దుగాల ఫాంహౌజు. షామియానా, కుర్చీలు, మిర్చి బజ్జీలు. సేటు తెల్ల లాల్చీల, చుట్టూ పార్ట్‌నర్లు. మేం నలుగురం, మేడం పూల్ అంచున నిలవడ్డం. ఉస్తాద్, సారు నెమ్మదిగ ఓడను నీళ్లల్లకు దించిండ్రు.

బిడ్డలారా, దాని నీడ నీలం నీళ్ల మీద పడి, నూట అరవై బాల్కనీలు కింద ఇంకో నూట అరవై అయినయి. గాలికి ఓడ జరంత తిరిగి, ముక్కు మా దిక్కు పెట్టింది. నన్నే చూస్తున్నది అనిపిచ్చింది. మేడం నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

సేటు చప్పట్లు కొట్టిండు. "వాహ్! పెండ్లి పిల్ల లెక్కున్నది. మేడం, ఒక్కటే లోటు. పైనంత ఖాళీ పెట్టినవు. ఆడ హాలు ఎయ్యి, ఐదు వందల మంది కూసునేటట్టు."

"సార్, చెప్పాను కదా, పైన బరువు—"

"విదేశాల ఓడలకు పదిహేను అంతస్తులు లేవా?"

"అవి అంత వెడల్పు, అంత లోతు సార్. మనది చిన్నది."

"ఒక్క అంతస్తు తల్లీ! నేను ఎన్ని హాళ్లు కట్టిన! ఎప్పుడన్న ఒక్కటి ఒరిగిందా?" అంటే పార్ట్‌నర్లందరు బజ్జీలు నములుకుంట తలకాయలూపిండ్రు.

మేడం ఇంకో రెండు మాటలు లెక్కలు చెప్పింది. ఎవ్వరు ఇనలే. అప్పుడు ఆ పిల్ల కాయితాలు సుట్టుడు మొదలువెట్టింది. "అయితే నా పేరు తీసేయండి సార్" అన్నది. ఆ మాట నాకు ఒక్కదానికే ఇనవడ్డది. నేను పద్దెనిమిదేండ్ల కొలువుల ఎన్నడు గిరాకి ముంగట నోరు తెరవలే. ఆనాడు ఎట్ల తెరిచిన్నో.

"సేటు," అన్న. "ఆ హాలు నా కాడున్నది. పెట్టి చూపియ్యాల్నా?"

నా గొంతుకు ఎవ్వరు తిరగలే. ఉస్తాద్ గట్టిగ, "చెల్లె ఏదో అంటున్నది సేటు!" అన్నడు. అందరు తిరిగిండ్రు. నేను సంచిల చెయ్యి పెట్టి కిలో రాయి తీసిన, పూల్ అంచున కూసోని, ఓడ పైన ఆ ఖాళీ జాగల నిమ్మలంగ పెట్టిన.

ఓడ ఒక్క ఘడియ ఆలోచన చేసింది. తర్వాత నిద్రొచ్చినోని లెక్క ఒక పక్కకు ఒరిగింది. కింది వరుస బాల్కనీలు నీళ్లకు తాకినయి. దాని మీది వరుస. గుడగుడ గుడగుడ అని సప్పుడు. ఒక పార్ట్‌నర్ కుర్చీ ఎనక్కి జరుపుకున్నడు, నీళ్లు ఆయన మీదికి వస్తున్నట్టు. ముక్కు ఒక్కసారి పైకి లేసింది, అంతే. నెలన్నర పని పోయి నీలం బండల మీద పడుకున్నది. అద్దం కప్పు ఊడి, వదినె చెట్లు నాలుగు మాత్రం పైకొచ్చి తేలినయి.

సారు నెత్తి పట్టుకున్నడు. సేటు వచ్చి నా పక్కన గొంతు కూసున్నడు. నీళ్లల్లకు చూసిండు. ఏం కనవడ్డదో ఏమో, "హాల్ల పెండ్లయితుంటే పెండ్లి పిల్ల గూడ అండ్లనే ఉంటుండె గదా" అన్నడు మెల్లగ. లేసి, "మేడం, హాలు లేదు, ఏం లేదు. నువ్వు గీసినట్టే కడదాం" అన్నడు.

మేడం నవ్విందో ఏడ్సిందో, రెండు కలిసే వచ్చినయి.

ఆ ఓడ నిజంగనే కట్టిండ్రు. మేడం ఫోటో పంపింది, పైన ఖాళీ జాగల ముసలోళ్లు ఇద్దరు చేతులు ఎనక కట్టుకోని నడుస్తున్నరు. మా సారు అప్పటిసంది కొత్త గిరాకి ఎవ్వలొచ్చినా నన్ను చూపిచ్చి, "మా అక్కకు ధైర్యం సూడుండ్రి, సేటుకు బుద్ధి చెప్పనీకె సొంతంగ చేసిన ఓడను సొంత చేత్తో ముంచింది" అని చెప్తుండె. మేడం గూడ అదే అనుకున్నది. ఉస్తాద్ గూడ. నేను రిటైరైన నాడు శాలువ కప్పి మైకుల గూడ అదే చెప్పిండ్రు. నేను తలకాయ వంచుకోని కూసున్న, అందరు దాన్ని సిగ్గనుకున్నరు.

ఇప్పుడు మీకు చెప్తున్న, మీ అమ్మకు చెప్పకుండ్రి. కొంచెం వంగుతదనే నేను అనుకున్న. వంగంగనే రాయి తీసేసి, "చూసినవా సేటు" అందామనుకున్న. అది మునుగుతదని నాకేం ఎర్క? ఓడ ఒరుగుతుంటే నేను చెయ్యి చాపింది దాన్ని పట్టుకోనీకె. అందలే. చాపిన చెయ్యి చాపినట్టే ఉండె, ఓడ పోయె. సేటు నా చేతి దిక్కు చూసిండు, ఆ చెయ్యి చూపిన దిక్కు చూసిండు, హాలు వద్దన్నడు. నేను చెయ్యి మెల్లగ ఎనక్కి తీసుకోని కొంగుకు తుడుచుకున్న.